చీటీలో రెండో సగం

"నా దబ్బనం ఎవరు తీశారు?"

మస్తాన్‌బీ ఈ మాట అడగటం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ గోడను అడిగింది. ఈసారి కోడలిని అడిగింది.

"నేను తియ్యలేదత్తయ్యా," అంది రిహానా, పార్సిలు మీద టేపు అంటిస్తూ.

"నువ్వు తియ్యక, దానంతటది నడిచిపోయిందా? జానెడు దబ్బనం. మా అమ్మ ఇచ్చింది. ముప్పై ఏళ్ళబట్టీ ఆ మేకుకే ఉంటది."

"రాజ్యం తీసిందేమో."

వసారాలో మిషను తొక్కుతున్న రాజ్యం తల ఎత్తకుండానే అందుకుంది. "నాకెందుకమ్మా మీ దబ్బనం? నేను కుట్టేది గలీబులు. పరుపు మూతి కుట్టేది మీ ఆయన. ఆయన్నడగండి."

"ఆయన్నడిగితే నోరు తెరుస్తాడా? ఆ నోటీసు వచ్చిన కాడ్నించీ మనిషి రాయైపోయాడు."

నోటీసు అన్న మాట బయటికి రాగానే మిషను ఆగింది. రిహానా చేతిలో టేపు ఆగింది. మస్తాన్‌బీ కూడా తన మాటకు తానే నాలుక కరుచుకున్నట్టు పక్కకు చూసింది. షబ్బీర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి బయటికొచ్చాడు.

"దబ్బనం గొడవ తర్వాత. బిల్లులు తీశావా?" అన్నాడు భార్యతో.

షబ్బీర్ పర్చూరులోనే ఒక పొగాకు గోడౌనులో గుమాస్తా. ఎవరి పొగాకు బేలు ఎన్ని కిలోలు తూగిందో, ఎవరికెంత రావాలో రోజంతా రాస్తాడు. ఒక్క కిలో తేడా వచ్చినా ఇంటికి రాడు. అలాంటి మనిషి రెండేళ్ళ క్రితం భార్య చంటిపిల్లల దూది పరుపులు వాట్సాప్‌లో అమ్మటం మొదలుపెట్టినప్పుడు, "డబ్బులు వేయించుకోటానికి నీకు వేరే స్కానరెందుకు, నాది పంపు," అన్నాడు. ఆమె పంపింది. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ వచ్చిన ప్రతి రూపాయీ అతని ఖాతాలోనే పడింది. ఇంట్లో డబ్బు ఎవరిదని ఎవరూ ఆలోచించలేదు.

పన్నుల శాఖ ఆలోచించింది. పోయిన ఏడాదికి మీరు చూపించిన ఆదాయం జీతం రెండు లక్షల అరవై నాలుగు వేలు, మీ ఖాతాలో అది కాక పడ్డది పదకొండు లక్షల నలభై వేలు, వివరణ ఇవ్వండి అని రాసింది.

"బిల్లులు, రిహానా."

ఆమె బీరువా మీద నుంచి ప్లాస్టిక్ సంచీ దించి అతని ముందు పెట్టింది. పెట్టి, పక్కకు తప్పుకుంది.

షబ్బీర్ ఒక కాగితం తీశాడు. తిరగేశాడు. ఇంకొకటి తీశాడు. గుప్పెడు తీసి వెలుతురుకు పట్టాడు.

"ఇవేంటి? తెల్లకాగితాలు?"

"బిల్లులే."

"అక్షరాలేవీ?"

"పోయినాయి. దూది కొట్లో, గుడ్డల కొట్లో మిషను నుంచి వచ్చే కాగితాలండీ అవి. పైన రేకులు. వేసవికి మొత్తం వెలిసిపోయినాయి. నిన్న తీసి చూశాను."

"నిన్న చూసి ఇవాళ చెప్తున్నావా?"

ఆమె అతని చేతిలోని కాగితాలు తీసుకుంది. రెండేళ్ళూ ఒక్క బిల్లు కూడా పారెయ్యలేదని చెప్పుకోవచ్చు. తేదీల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి దాచానని చెప్పుకోవచ్చు. ఆ రబ్బరు బ్యాండ్లు ఇంకా అలాగే ఉన్నాయి, ఏమీ లేని కాగితాల చుట్టూ.

"కాలేజీలో చదివినదానివి," అన్నాడు షబ్బీర్.

"ఆ మాట వద్దు."

"మరి ఏ మాట? ఖర్చు చూపించకపోతే పదకొండు లక్షలూ నా లాభమే అంటారు. నాకు ఉద్యోగం ఇచ్చినాయనకి తెలిస్తే, ఇన్ని లక్షలు వీడికెక్కడివి, మన గోడౌను సరుకేమన్నా అమ్ముకున్నాడా అనుకోడా?" గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే అతని భయం బయటపడింది. "శుక్రవారం ఆడిటరమ్మ దగ్గరికి పోదాం. ఆమె కుదరదంటే ఆదివారం మిషన్లు బేరం పెడతా. ఇంక ఈ ఇంట్లో పరుపుల పని ఉండదు."

రాజ్యం మిషను మళ్ళీ మొదలవలేదు.

"నా కూలి సంగతేంటి తమ్ముడూ?" అంది మెల్లగా.

* * *

మధ్యాహ్నం షబ్బీర్ గోడౌనుకు వెళ్ళాక, నాగూర్ వలి దూది గదిలోంచి కోడలిని పిలిచాడు.

ఆయన పిలవటమే అరుదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వింటిబద్దతో ఊరూరా దూది ఏకిన చేతులు. ఇప్పుడు మిషను ఏకుతుంది, ఆయన పరుపులో దూది పరిచి మూతి కుడతాడు. రిహానా అమ్మే ప్రతి పరుపూ ఆయన చేతి మీదుగానే పోతుంది.

"ఆ ముక్కాలిపీట వెయ్యమ్మా," అన్నాడు.

వేసింది. ఆయన ఎక్కి దూలం సందులోకి చెయ్యి పెట్టాడు. బారెడు పురికొస కిందికి జారింది. దానికి గుచ్చిన అట్టముక్కలు, ఒకదాని మీద ఒకటి, ఎండుమిరపకాయల దండలా వందలకొద్దీ వేలాడాయి. చివర, ముడికి బదులు, అడ్డంగా దిగేసి ఉంది మస్తాన్‌బీ దబ్బనం.

"దండ నిండిపోయింది. ఆపటానికి ఏదీ దొరక్క అది పెట్టా," అన్నాడు నేరం ఒప్పుకుంటున్నట్టు.

"ఇవేంటి మావయ్యా?"

"చీటీలు."

పాత శుభలేఖల అట్టలవి. ఊళ్ళో పెళ్ళి ఎవరింట్లో అయినా ఆయన శుభలేఖ పారెయ్యనివ్వడని ఆమెకు తెలుసు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

"నా పెళ్ళికాక ముందు మాట," అన్నాడాయన పీట దిగి. "పరుపు తిరగ ఏకించటానికి ఒకాయన ఇచ్చాడు. ఏకి, కుట్టి ఇస్తే, పన్నెండు కిలోల దూది ఉండాల, నాలుగు కిలోలు తినేశావు అన్నాడు. నలుగురిలో. నా దగ్గర రుజువు లేదు. ఆ రోజు నుంచీ ఏ పరుపు కుట్టినా ఒక అట్ట మీద రెండు చివర్లా ఒకటే రాస్తా. తేదీ, పేరు, ఎన్ని కిలోలు, ఏ దూది, ఏ కొట్లోది. మధ్యకి చింపి ఒక సగం పరుపు లోపల పెట్టి కుట్టేస్తా. రెండో సగం నా దగ్గర. కత్తెరతో కొయ్యను. చింపితేనే అంచు అంచుకి కూర్చుంటది. వేరే సగం తెచ్చి ఎవడూ నన్ను మోసం చెయ్యలేడు."

రిహానా దండను ఒళ్ళో వేసుకుంది. ఒక చీటీ, ఇంకొకటి. వంకర అక్షరాలు, కానీ ప్రతి తేదీ ఉంది. ప్రతి కిలో ఉంది. చాలా చీటీల మీద కింద మూలన ఒక పేరు.

"ఇదెవరి పేరు మావయ్యా? 'రిహానా' అని..."

"నీదే."

"నా పేరెందుకు రాశారు?"

ఆయన ఆమె వంక చూడలేదు. దూది పోగును సర్దుతున్నాడు. "ఊళ్ళోవాళ్ళు నాకు తెచ్చిచ్చే పని నాది. దాని మీద ఏం రాయను. నీ ఫోనుకి వచ్చిన పని నీది. ఎవరి పని వాళ్ళ పేరుమీద ఉండాల గదమ్మా."

రెండేళ్ళుగా ఈ ఇంట్లో అందరూ 'ఇంట్లో పని' అన్నారు. షబ్బీర్ స్నేహితులు 'మీ ఆవిడ టైంపాస్' అన్నారు. ఒక్కమాట కూడా అనని మనిషి మాత్రం ఏడువందల అరవైసార్లు ఆమె పేరు రాశాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. "మావయ్యా, తేదీ, కొట్టు తెలిస్తే చాలు. వాళ్ళ కంప్యూటర్లో వెతికి బిల్లు మళ్ళీ ఇవ్వగలరు."

గుమ్మంలో మస్తాన్‌బీ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. లోపలికొచ్చి దబ్బనం వంక చూసింది.

"ఇక్కడా ఉంది! నా కోడల్ని దొంగని చేశానయ్యా నీ మూలాన."

"ఇంకో దబ్బనం తెచ్చిస్తాలే."

"నాకు ఇంకోటెందుకు? నా దబ్బనం నాకియ్యి." తీసుకోబోయి ఆగింది. దండ జారిపోతుందని అర్థమైంది. "ఉండనీలే. శుక్రవారం దాకా."

* * *

చిలకలూరిపేటలో ఆడిటరు లక్ష్మీదుర్గ గారి ఆఫీసు ఒక మెడికల్ షాపు మేడ మీద. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు తలమీద పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతుకుతుంది.

రిహానా మూడురోజుల్లో సంపాదించినవన్నీ బల్ల మీద వరసగా పెట్టింది. దూది కొట్టు తిరిగి ఇచ్చిన బిల్లులు. గుడ్డ కొట్టువి కొన్ని. తన ఫోను నంబరు మీద ఉన్న కొరియరు లెక్క. రాజ్యం తన నోటుబుక్కులో వారం వారం రాసుకున్న కూలి, ప్రతి పేజీకీ రాజ్యం సంతకం. చివరన చీటీల దండ.

"ఇదేంటమ్మా, తోరణమా?"

రిహానా చెప్పింది. లక్ష్మీదుర్గ విని, ఒక చీటీని అటూ ఇటూ తిప్పింది.

"బాగుంది. కానీ నేను అవతలివాళ్ళ వైపు నుంచి ఆలోచిస్తా. ఇవన్నీ మొన్న కూర్చుని రాశారంటే?"

"మా నాన్న అబద్ధం రాయడండీ," అన్నాడు షబ్బీర్. ఆ దండ గురించి అతను అన్న మొదటి మాట అది.

"మీ నాన్నగారు నాకు తెలీదు కదండీ. కాగితానికి తెలియాలి."

రిహానా దండను బల్ల మధ్యకు జరిపింది.

"రెండో సగం పరుపులో ఉంటుందండీ," అంది రిహానా. "ఏ చీటీ అయినా మీరే తీయండి."

లక్ష్మీదుర్గ కళ్ళజోడు దించుకుంది. దండ మధ్యలోంచి మూడు చీటీలు వేలితో పట్టి చూపించింది. ఒకటి హైదరాబాదు, ఒకటి నెల్లూరు, ఒకటి బెంగుళూరు. రిహానా ముగ్గురికీ మెసేజీ పెట్టింది. మీ పాప పరుపు కుడిచేతి మూల నాలుగు కుట్లు విప్పి, లోపల ఉన్న అట్టముక్కకి ఫొటో తీసి పంపండి, కొత్త పరుపు ఉచితంగా పంపుతాను.

"కొత్తదెందుకు? మళ్ళీ కుట్టుకోమంటే పోలా?" అన్నాడు షబ్బీర్.

"మన అవసరానికి వాళ్ళ పరుపు విప్పిస్తున్నాం."

అరగంట గడిచింది. హైదరాబాదు ఆవిడ చూడలేదు. బెంగుళూరు ఆవిడ ఊళ్ళో లేదు. షబ్బీర్ రెండుసార్లు లేచి మెట్ల దాకా వెళ్ళొచ్చాడు. లక్ష్మీదుర్గ వేరే ఫైలు తెరిచింది.

ఫోను మోగింది. నెల్లూరు.

ఫొటోలో దూది పింజలు అంటుకున్న అట్టముక్క. రిహానా ఫోను పక్కన తన చీటీ పెట్టింది. అంకెలు అవే. తేదీ అదే. చీటీ వెనక శుభలేఖ అచ్చులో పెళ్ళికూతురి పేరు సగానికి తెగిపోయి ఉంది. ఆవిడ వెనకవైపు ఫొటో కూడా పంపింది. మిగతా సగం అందులో ఉంది. చింపిన అంచు మిట్టపల్లాలు ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు సరిపోయాయి.

కింద ఆవిడ మెసేజీ. 'మా పాప పరుపులో ఎవరి పెళ్ళి పత్రికండీ ఇది?'

లక్ష్మీదుర్గ పకపకా నవ్వింది. "నా సర్వీసులో ఇలాంటి రసీదు చూళ్ళేదు. ఇంక ఈ వ్యాపారం ఎవరిదీ అన్న ప్రశ్న లేదు. షబ్బీర్ గారూ, మీ ఖాతా దారి మాత్రమే. నడిచింది ఈవిడ."

షబ్బీర్ తలూపాడు.

"ఇక లాభం సంగతి. రిహానా గారూ, చిన్న వ్యాపారాలకి ఒక సులువు ఉంది. అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపించి ఊరుకోవచ్చు. లెక్కలు అక్కర్లేదు."

"నాకు శాతం వద్దండీ. నిజంగా ఎంత మిగిలిందో తెలియాలి."

"అయితే చెప్పండి." లక్ష్మీదుర్గ క్యాలిక్యులేటరు లాక్కుంది. దూది నాలుగు లక్షల అరవై రెండు వేలు. గుడ్డ లక్షా యాభై ఎనిమిది. రాజ్యం కూలి తొంభై ఆరు వేలు. కొరియరు ఎనభై నాలుగు. కరెంటు, దారం, ఫోను, మిషను అరుగుదల కలిపి ఇరవై ఎనిమిది.

"ఫోను బిల్లు మొత్తం రాయకండి," అంది రిహానా. "మా అమ్మతో కూడా మాట్లాడతాను. సగమే రాశాను."

లక్ష్మీదుర్గ ఆమె వంక ఓసారి చూసి మళ్ళీ క్యాలిక్యులేటరు మీదికి వంగింది. "పని చేసే గది అద్దె?"

"సొంతిల్లండీ. మా అత్తగారి పేరు మీద ఉంది."

"నెలకి రెండువేలని రాసేద్దామా?" అన్నాడు షబ్బీర్ ఉత్సాహంగా. "ఎవరు చూడొచ్చారు?"

"ఇవ్వలేదు కదండీ," అంది రిహానా.

"ఇవ్వని అద్దె రాయకూడదు," అంది లక్ష్మీదుర్గ. "ఇకమీదట నిజంగా ఇస్తే, ఆవిడ రసీదు ఇస్తే, అప్పుడు రాసుకోండి." చివరి అంకె నొక్కి, క్యాలిక్యులేటరును రిహానా వైపు తిప్పింది.

మూడు లక్షల పన్నెండు వేలు.

"ఏడాదికి మీ లాభం. మీ పేరు మీద చూపిస్తాం. కట్టాల్సిన పన్ను ఏమీ ఉండదు. ఇవాళే వివరణ పంపుతా."

బండి మీద తిరిగొస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. పర్చూరు పొలిమేరలో షబ్బీర్ బండి వేగం తగ్గించాడు.

"నా జీతం కంటే నలభై ఎనిమిది వేలు ఎక్కువ," అన్నాడు చివరికి.

ఆమె అప్పటికే ఆ తీసివేత చేసుకుంది.

* * *

ఇరవై ఒక్క రోజుల తరువాత, శుక్రవారం, షబ్బీర్ ఫోనుకు కబురొచ్చింది. మీ వివరణ అంగీకరించబడింది, తదుపరి చర్య లేదు. గోడౌను నుంచి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాడు. వస్తూ మాంసం తెచ్చాడు.

మస్తాన్‌బీ గోంగూర వేసి వండింది. నమాజు నుంచి నాగూర్ వలి రాగానే చాప మీద అందరూ కూర్చున్నారు. రాజ్యాన్ని కూడా ఆ పూటకు వెళ్ళనివ్వలేదు. కబురు విన్నప్పటి నుంచీ ఆమె మిషను ముందు ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది.

"మొత్తానికి గండం గడిచింది," అన్నాడు షబ్బీర్. "ఇంక మిషన్ల జోలికి నేను రాను. పని నడిపించుకో. స్కానరు మాత్రం ఈసారి జాగ్రత్తగా నేను చూసుకుంటా."

మస్తాన్‌బీ అతని పళ్ళెంలో ఇంకో ముక్క వేసి, గరిటె గిన్నెలో ఆనించింది.

"ఒక మాట చెప్తన్నా, అందరూ వినండి. ఆ దూది గది నేను అద్దెకిస్తన్నా."

"ఎవరికీ?" అన్నాడు షబ్బీర్ ఉలిక్కిపడి.

"రిహానాకి. నెలకి రెండువేలు. ఒకటో తారీకున."

"ఇంటి కోడలి దగ్గర అద్దె తీసుకుంటావా అమ్మా? ఊళ్ళో నవ్విపోరూ?"

"నవ్వనీరా. ఈ ఇల్లు నా పేరుమీద మా నాన్న రాయించి ఇరవై ఆరేళ్ళయింది. పన్ను కట్టేటప్పుడు తప్ప ఎవుడన్నా నా పేరు పలికాడా? అద్దె ఇస్తే రసీదు కావాలందంటగా ఆడిటరమ్మ, రిహానా చెప్పింది. ఆ రసీదు మీద సంతకం నాది. అది పోయి ఆడిటరమ్మ బల్ల మీద కూర్చోవాల."

రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాగూర్ వలి ఎడంచేత్తో చొక్కా జేబులోంచి ఒక అట్ట తీశాడు. రెండు చివర్లా అప్పటికే రాసి ఉంది. భార్య ఆయనతో ముందే మాట్లాడిందని రిహానాకు అప్పుడర్థమైంది. ఆయన దాన్ని మధ్యకు చింపి, ఒక సగం మస్తాన్‌బీకి, ఒక సగం కోడలికి ఇచ్చాడు. గది, రెండువేలు, మస్తాన్‌బీ, రిహానా.

షబ్బీర్ ఆ రెండు ముక్కల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇంతకీ డబ్బులు నా ఖాతాలోంచేగా ఇచ్చేది?" అన్నాడు, నవ్వబోయి.

రిహానా చీటీని కొంగున ముడి వేసుకుంది.

"కాదండీ. సోమవారం బ్యాంకుకి వెళ్ళి వ్యాపారానికి వేరే ఖాతా తెరుస్తున్నాను, నా పేరు మీద. మీ స్కానరు ఆ రోజుతో ఆఖరు."

"సోమవారం నాకు సెలవు దొరకదే."

"మీరు రానక్కర్లేదు," అందామె, అతని పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ. "నేనూ అత్తయ్యా వెళ్తున్నాం."